వయసు మళ్ళిన కుక్కనో పిల్లినో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఎలా: తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

“దానికి వయసైపోయింది సార్, అందుకే సరిగ్గా తినడంలేదు.” పశువైద్యుడి ఓపీ బయట కాసేపు కూర్చుంటే ఈ మాట ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. తినకపోవడానికి పుచ్చిన పన్ను కారణం కావచ్చు, కిడ్నీలు కావచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. వీటిలో కొన్ని పూర్తిగా నయమవుతాయి, కొన్ని మందులతో ఏళ్ళ తరబడి అదుపులో ఉంటాయి. వయసు అనే మాట దగ్గరే మనం ఆగిపోతే ఆ మందు దాకా వెళ్ళనే వెళ్ళం.

ఇంకో సంగతి. మనిషైతే తన బాధ తనే డాక్టరుకు చెప్పుకుంటాడు. కుక్కకు, పిల్లికి ఆ పని మనం చేయాలి. డాక్టరు చూసేది పది పదిహేను నిమిషాలు, మనం చూసేది ఇరవై నాలుగు గంటలు. అందుకే ఈ మార్గదర్శిలో ఆసుపత్రి కంటే ముందు ఇంట్లో చేయాల్సిన పని గురించే ఎక్కువ రాశాను.

ఏ వయసు నుంచి

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు ఆరేడేళ్ళకే వయసు మళ్ళినట్టు లెక్క. పోమరేనియన్ లాంటి చిన్న జాతులకు తొమ్మిది, పదేళ్ళు. మధ్యరకం సైజు ఉండే మన నాటు కుక్కలకు ఎనిమిదేళ్ళ నుంచి ఓ కన్నేసి ఉంచాలి. పిల్లులకు పదేళ్ళు. ఆ వయసు దాటాక జబ్బు ఉన్నా లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించాలి. “రేబిస్ టీకాకు తీసుకెళ్ళాం కదా, అప్పుడే చూసుంటారులే” అనుకోవద్దు. టీకా వేయడం రెండు నిమిషాల పని. పళ్ళు, కళ్ళు, గుండె, పొట్ట అన్నీ తడిమి చూడమని నోరు తెరిచి అడగాలి.

ఆరు నెలలే ఎందుకంటే, కిడ్నీల సంగతి చూడండి. కిడ్నీల పనితీరు దాదాపు 75 శాతం దెబ్బతిన్నాక గానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినట్టు కనపడదు. అప్పటిదాకా కుక్క గేటు దగ్గర తోకాడిస్తూనే ఉంటుంది, పిల్లి కిటికీలో కూర్చునే ఉంటుంది. మూత్రం చిక్కదనం మాత్రం అంతకంటే ముందే తగ్గిపోతుంది. కాబట్టి బాగున్నట్టు కనిపించే రోజుల్లోనే రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచిపెట్టుకుంటే, రేపు తేడా వచ్చినప్పుడు పోల్చి చూడడానికి ఆధారం ఉంటుంది.

మొదటి అడుగు: వెళ్ళే ముందు వారం రోజులు రాసుకోండి

ఒక పాత నోటు పుస్తకం చాలు. రోజుకు నాలుగు లైన్లు.

నీళ్ళు ఎంత తాగుతోందో కొలవండి. ఇది చాలామంది చేయని పని, డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చే లెక్క. పొద్దున్నే లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పోయండి, మర్నాడు అదే వేళకు మిగిలినవి కొలవండి. బాత్‌రూం బకెట్లు, చెట్ల తొట్లు అందకుండా చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. కుక్క బరువులో కిలోకు 100 మి.లీ. మించి తాగుతోందంటే ఏదో ఉంది. అంటే పది కిలోల కుక్క రోజుకు లీటరు దాటకూడదు. పిల్లికి కిలోకు 50 మి.లీ. మించితే ఆలోచించాలి. ఎండాకాలంలో కొంచెం పెరగడం మామూలే. ఏ కాలమైనా గిన్నె ఖాళీ చేసి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే కిడ్నీలు, షుగరు, హార్మోన్ల తేడా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కైతే గర్భసంచిలో చీము, ఇవన్నీ డాక్టరు మనసులో మెదులుతాయి.

ఊపిరి లెక్కపెట్టండి. గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని పక్కటెముకలు చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. సెల్‌ఫోన్లో ముప్పై సెకన్లు పెట్టుకుని లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ ఇరవై ఉండేది ముప్పై అయిదుకు, నలభైకి పోయి అక్కడే ఉంటే గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి. పగటి పూట ఎండకు రొప్పేటప్పుడు లెక్కపెడితే ఉపయోగం లేదు. కలగంటూ కాళ్ళు ఆడించేటప్పుడు కూడా వద్దు.

బరువు చూడండి. మీరు ఒక్కరే మెషిన్ ఎక్కి చూసుకోండి, తర్వాత దాన్ని ఎత్తుకుని ఎక్కండి, తేడానే దాని బరువు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే మనకు కంటికి ఆనదు. అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టన్నమాట. ఇంట్లో ఎవరైనా అట్లా తగ్గితే ఊరుకుంటామా?

మిగతావి మాటల్లో రాసుకోండి. మెట్లెక్కడానికి జంకుతోందా, పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్ళు ఈడుస్తోందా, రాత్రుళ్ళు కారణం లేకుండా మొరుగుతోందా, గోడ మూలకు పోయి నిలబడిపోతోందా, ఒంటిమీద కొత్తగా గడ్డ తగిలిందా. గడ్డ తగిలితే తారీఖు వేసి, పక్కన స్కేలో రూపాయి బిళ్ళో పెట్టి ఫోటో తీయండి. “చిన్నగా ఉండేది, పెద్దదైంది” అని చెప్పడం కంటే రెండు ఫోటోలు చూపిస్తే డాక్టరుకు పని తేలిక.

దగ్గు, కుంటడం, ఫిట్స్ లాంటివి తప్పకుండా వీడియో తీసుకోండి. ఇంట్లో కుంటే కుక్క ఆసుపత్రికి పోగానే భయంతో చక్కగా నడిచేస్తుంది. “నిన్నంతా కాలు కింద పెట్టలేదు సార్” అని మనం చెబుతుంటే అది అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది!

రెండో అడుగు: నోటు పుస్తకం పక్కన పెట్టి వెంటనే బయల్దేరాల్సినవి

కొన్నిటికి వారం కాదు కదా, గంట కూడా ఆగకూడదు.

పెద్ద కుక్క పొట్ట డోలులా ఉబ్బి, వాంతికి వచ్చినట్టు చేస్తూ ఏమీ బయటికి రాకపోతే జీర్ణాశయం మెలిపడి ఉండొచ్చు. చిగుళ్ళు తెల్లగా పాలిపోతే లోపల రక్తస్రావం అయ్యుండొచ్చు. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వచ్చినా ఆగొద్దు. మగపిల్లి మట్టి పెట్టెలో మాటిమాటికీ కూర్చుని చుక్క కూడా పోయకపోతే మూత్రం బిగిసినట్టే, రేపు చూద్దామనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది కుక్క రొప్పడం లాంటిది కాదు, అత్యవసరమే. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా చూపించాలి. తిండి మానేస్తే వాటి కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, లావు పిల్లులకు మరీ.

గర్భసంచిలో చీము గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఆడ కుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, అందుకే ఇది చాలా ఇళ్ళల్లో వస్తుంది. ఎదకు వచ్చి పోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లోపు నీళ్ళు ఎక్కువ తాగడం, తిండి మానేయడం, వాంతులు, వెనక నుంచి చీమో రక్తపు నీరో కారడం మొదలవుతుంది. కొన్నిటికి ఏమీ కారదు, చీమంతా లోపలే ఉండిపోతుంది. అది ఇంకా ప్రమాదం. మా వీధిలో తొమ్మిదేళ్ళ పోమరేనియన్‌కు ఇట్లాగే అయ్యింది. వేడి చేసిందని రెండు రోజులు మజ్జిగ తాగించారు. మూడో రోజు ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేస్తే బతికింది. ఎదకు వచ్చిన తారీఖు క్యాలెండర్లో గుర్తు పెట్టుకునే ఇల్లైతే ఈ జబ్బును ముందుగానే పసిగట్టొచ్చు.

భయపెట్టేంత ప్రమాదం లేనిది కూడా ఒకటుంది. ముసలి కుక్క ఉన్నట్టుండి తల ఒక పక్కకు వంచి, తూలిపడుతూ, కళ్ళు అటూ ఇటూ గబగబా కదిలిస్తుంటే ఇంట్లో వాళ్ళు పక్షవాతం వచ్చిందనుకుని ఆశ వదిలేసుకుంటారు. లోపలి చెవిలో తూకం తప్పడం వల్ల ముసలి కుక్కలకు ఇట్లా వస్తుంది. చాలావరకు రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలై, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. డాక్టరు చూసి చెప్పేదాకా దాని బతుకు గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మూడో అడుగు: ఎక్కడికి

తిరుపతి వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల ఊళ్ళోనే ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికీ తిరుపతే కేంద్రం. కళాశాల ఆసుపత్రిలో మెడిసిన్, సర్జరీ, గర్భకోశ విభాగాల వాళ్ళు వేర్వేరుగా ఉంటారు. ముసలి జీవాలకు ఇదే కావాలి. ఒకేసారి కిడ్నీ, కీళ్ళు, పళ్ళు మూడూ తేడాగా ఉన్న కుక్కను ఒకే గదిలో ఒక్కరే చూడడం కష్టం.

అక్కడ ముందుగా హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు వచ్చి వివరాలన్నీ అడిగి కేస్ షీట్ రాస్తారు. కొందరు విసుక్కుంటారు, “పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారు?” అని. ఆ పిల్లలకు ఓపిగ్గా చెప్పండి. మీ నోటు పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టండి. తీరిగ్గా అడిగి రాసుకునేది వాళ్ళే, ఆ కేస్ షీట్ చూసే ప్రొఫెసర్ నిర్ణయం తీసుకుంటారు. బోధనాసుపత్రి కాబట్టి సమయం పడుతుంది, సగం రోజు దానికే కేటాయించుకుని వెళ్ళండి.

మామూలు చెకప్‌లకు, టీకాలకు, వారం వారం డ్రెస్సింగులకు ఇంటి దగ్గరి ప్రైవేటు క్లినిక్ మేలు. ముసలి కుక్కకు ప్రయాణం తగ్గించడం కూడా వైద్యమే. ఒక డాక్టరును పట్టుకుని ఆయన దగ్గరే ఉండండి, దాని ఒంటి తీరు ఆయనకు తెలుస్తుంది. రాత్రి పూట ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఆదివారం ఎవరు ఉంటారో బాగున్న రోజుల్లోనే కనుక్కుని గోడ మీద రాసిపెట్టుకోండి. 1962 నంబరుకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల కోసం. ఇంట్లో పిల్లికి ఊపిరాడనప్పుడు దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

చిత్తూరు వాళ్ళు మొదట ఊళ్ళోని పశువైద్యశాలలోనో క్లినిక్‌లోనో చూపించి, స్కానింగో పెద్ద ఆపరేషనో అవసరమైతే పూతలపట్టు మీదుగా తిరుపతికి రావడం మంచిది. సుమారు 70 కిలోమీటర్లు. వినాయక చవితి నుంచి 21 రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాలు, ఆ రోజుల్లో దారిలో ఆలస్యాన్ని లెక్కేసుకుని బయల్దేరండి. ఇక్కడ కుదరనిది ఏదైనా ఉంటే డాక్టర్లే చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల పేరు చెప్పొచ్చు. అట్లా పంపితే ఇక్కడి రిపోర్టులన్నీ అడిగి తీసుకుని వెళ్ళండి.

నాలుగో అడుగు: ముందు రోజు

రక్తపరీక్ష ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు తిండి పెట్టకుండా తీసుకురమ్మంటారు. నీళ్ళు మాత్రం ఆపొద్దు, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవాటికి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే కుక్క విషయంలో డాక్టరును అడగకుండా తిండి ఆపకండి. ఖాళీ కడుపున ఇన్సులిన్ పడితే కళ్ళు తిరిగి పడిపోతుంది.

మూత్రం పట్టడం పెద్ద పనేం కాదు. పొద్దున్నే మొదటిసారి బయటికి తీసుకెళ్ళేటప్పుడు పొడవు కాడ ఉన్న గరిటె ఒకటి శుభ్రంగా కడిగి ఆరబెట్టి తీసుకెళ్ళండి. కుక్క పోయడం మొదలెట్టాక, కాస్త ఆగి, వెనక నుంచి గరిటె పెట్టండి. ముందే పెడితే బెదిరి ఆపేస్తుంది. రెండు మూడు చెంచాలు చాలు. మందుల షాపులో దొరికే యూరిన్ డబ్బాలో పోసి, గంటలోపు ఆసుపత్రికి చేర్చండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దుటి మొదటి మూత్రమే ఎందుకంటే, రాత్రంతా కిడ్నీలు దాన్ని ఎంత చిక్కగా చేయగలిగాయో అందులో తెలుస్తుంది.

సంచిలో టీకాల కార్డు, పాత రిపోర్టులు, ఇప్పుడు వేస్తున్న మందుల అట్టలు (పేరు గుర్తుండదు, అట్టే తీసుకెళ్ళండి), రెండు పాత తువ్వాళ్ళు, నీళ్ళు, గిన్నె, న్యూస్ పేపర్లు పెట్టుకోండి. ఈమధ్య ఎక్కడైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే అదేమిటో కనుక్కోండి. స్టెరాయిడ్ పడిన ఒంట్లో నొప్పి మందు పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది, డాక్టరుకు ఆ సంగతి తెలియాలి.

అయిదో అడుగు: ప్రయాణం

పిల్లిని ఒడిలో పెట్టుకుని స్కూటర్ మీద తీసుకెళ్ళొద్దు. ఎంత సాధువైనా సరే, లీలామహల్ సర్కిల్‌లో ఒక బస్సు హారన్ కొడితే చేతుల్లోంచి దూకేస్తుంది. క్యారియర్ లేకపోతే రెండు ప్లాస్టిక్ బుట్టలు మూతికి మూతి ఆనించి తాడుతో గట్టిగా కట్టండి. గాలి ఆడుతుంది, పిల్లి బయటికి రాదు. గోనెసంచిలో వేసి మూతి కడితే ఊపిరాడదు, భయంతో ఒళ్ళు వేడెక్కుతుంది. క్యారియర్ ఉన్నవాళ్ళు వారం ముందే దాన్ని హాల్లో తెరిచి పెట్టి, లోపల అది పడుకునే పాత చీర ముక్క వేసి ఉంచండి. వెళ్ళే రోజు అటక మీద నుంచి దింపితే ఆ చప్పుడుకే మంచం కిందికి దూరిపోతుంది. దారిలో పైన పల్చని గుడ్డ కప్పండి. మరీ బెదిరే పిల్లికి ముందు రాత్రి, బయల్దేరే ముందు వేయడానికి డాక్టర్లు మందు రాస్తారు, ఫోన్ చేసి అడగండి.

కీళ్ళ నొప్పులున్న పెద్ద కుక్కను ముందు కాళ్ళ చంకల్లో పట్టి లేపకండి. ఇద్దరు కలిసి, ఒకరు ఛాతీ కింద, ఒకరు తొడల వెనక చేతులు వేసి వీపు సమంగా ఉండేట్టు ఎత్తాలి. నడవగలిగినా వెనక కాళ్ళు నిలవకపోతే, తువ్వాలు పొట్ట కింద, వెనక కాళ్ళకు కాస్త ముందు నుంచి తీసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే మెట్లు దిగుతుంది. అస్సలు లేవలేనిదాన్ని మందపాటి దుప్పటిలోకి జరిపి నలుగురూ నాలుగు కొసలు పట్టుకోవచ్చు.

ఆటో అయితే ముందే చెప్పి మాట్లాడుకోండి. “కరస్తాదా అన్నా?” అని అడుగుతారు. మూతికి చిక్కం ఉందని, కింద దుప్పటి వేసుకుంటామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. తెలిసిన ఆటో అబ్బాయి ఒకరిని ఎప్పటికీ పెట్టుకుంటే మీకు, కుక్కకు ఇద్దరికీ టెన్షన్ ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిదిలోపు ఆసుపత్రిలో ఉండేట్టు చూసుకోండి. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. గుండె జబ్బు ఉన్నవాటికి, పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి పది దాటాక ఆటో ప్రయాణమే ప్రాణాంతకం. ఆపిన కారులో అద్దాలు వేసి అయిదు నిమిషాలు కూడా వదలొద్దు.

ఆరో అడుగు: ఆసుపత్రిలో

వెయిటింగ్ హాల్లో పార్వో (వాంతులు, విరేచనాల అంటుజబ్బు) వచ్చిన కుక్కపిల్లలు ఉంటాయి, పక్కన మేకలు అరుస్తుంటాయి. టోకెన్ తీసుకుని, పేరు పిలిచేదాకా బయట చెట్టు కింద కూర్చోండి. పిల్లి బుట్టను నేల మీద పెట్టకండి, బెంచీ మీద మీ పక్కన పెట్టుకోండి.

ఎప్పుడూ కరవని కుక్క కూడా నొప్పి చోట చెయ్యి పడితే కరుస్తుంది, పెంచినవాళ్ళనే కరుస్తుంది. చిక్కం లేకపోతే పల్చని బ్యాండేజీ గుడ్డతో ఉచ్చు వేసి మూతి మీద పైన ఒక ముడి, గడ్డం కింద దాటించి, చెవుల వెనక ముడి వేయండి. రొప్పుతున్న దానికి, వాంతి చేసుకునే దానికి, చప్పిడి ముక్కు దానికి మూతి కట్టొద్దు. పంటి గాటు పడితే టీకాలు వేసిన కుక్కే కదా అని ఊరుకోకుండా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, రుయా ఆసుపత్రికో దగ్గరి ప్రభుత్వాసుపత్రికో వెళ్ళండి.

లోపలికి వెళ్ళాక మొదటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పండి. “సార్, పదకొండేళ్ళ మగ కుక్క, నెల రోజులుగా రోజుకు లీటరున్నర నీళ్ళు తాగుతోంది, రెండు కిలోలు తగ్గింది.” ఇంతే. చిన్నప్పుడు ఎక్కడ దొరికిందో, ఎంత తెలివైందో తర్వాత చెప్పుకోవచ్చు. పెట్టిన తిండి ఉన్నదున్నట్టు చెప్పండి. పెరుగన్నం, పాలు, బిస్కెట్లు, పండగ పూట పెట్టిన బొబ్బట్టు, అన్నీ. డాక్టరు తిడతారని దాచితే నష్టం దానికే.

పరీక్షల విషయానికొస్తే, ముసలి జీవానికి కనీసం పూర్తి రక్తపరీక్ష, కిడ్నీ, లివర్, షుగర్, మూత్రం అడగొచ్చు. మన ప్రాంతంలో పిడుదుల బెడద ఎక్కువ కాబట్టి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే టిక్ ఫీవర్ కోసం రక్తం స్లైడ్ చూడమనండి. ముక్కులోంచి రక్తం కారే కుక్కలో దాన్ని ముందు అనుమానిస్తారు. పిల్లికి షుగరు ఎక్కువ వస్తే కంగారు పడొద్దు, భయానికే అది పెరుగుతుంది. మళ్ళీ చూడాలి, మూత్రంలో కూడా చూడాలి.

గడ్డ ఉంటే సన్నటి సూదితో కొంచెం తీసి స్లైడ్ మీద చూస్తారు. నిమిషం పని, మత్తు అక్కర్లేదు. చర్మం కింద మెత్తగా జారే కొవ్వు గడ్డ చాలాసార్లు ఏమీ చేయదు, కానీ చేత్తో నొక్కి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆడ కుక్క రొమ్ముల దగ్గరి గడ్డను మాత్రం బఠాణీ అంత ఉన్నప్పుడే చూపించాలి. కళ్ళు నీలంగా మసకబారితే అన్నీ శుక్లాలు కావు. వయసుతో కంటి లోపలి కటకం గట్టిపడి అట్లా కనిపిస్తుంది, చూపు చాలావరకు ఉంటుంది.

పళ్ళ గార తీయడానికి మత్తు ఇవ్వాలి. “ఈ వయసులో మత్తా?” అని భయపడి ఏళ్ళ తరబడి చీము పట్టిన పళ్ళతో ఉంచేస్తారు. వయసు ఒక్కటే చూసి వద్దనకండి. ముందు రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించి, ఆ ఫలితం చూసి డాక్టరుతో మాట్లాడండి.

లేచే ముందు అడగాల్సినవి: ఈ మందు ఎన్ని రోజులు, తిండికి ముందా తర్వాతా, ఏం కనిపిస్తే ఆపేసి ఫోన్ చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, మొత్తం ఖర్చు ఎంత అవుతుంది. డబ్బు సంగతి మొహమాటపడకండి. “ఇంతవరకే పెట్టగలం సార్, ముందు ఏది ముఖ్యం?” అని అడిగితే మంచి డాక్టరెవరూ తప్పుగా తీసుకోరు.

ఏడో అడుగు: ఇంటికొచ్చాక మందులు, తిండి

మన మందుల డబ్బాలోంచి తీసి వేయకండి. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు దెబ్బతీస్తాయి. కుక్కలకు వాడే పర్మెత్రిన్ పిడుదుల మందు పిల్లికి పూస్తే ఫిట్స్ వస్తాయి. కుక్కకు పూసి ఆ పక్కనే పిల్లిని పడుకోబెట్టినా ప్రమాదమే.

ఇన్సులిన్ రాస్తే సిరంజి విషయంలో గట్టిగా ఉండండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా 40 యూనిట్ల ఇన్సులిన్ వస్తుంది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్లు పడుతుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతి కొత్త సీసాకూ చూడండి.

ఇక మన ఊరి సంగతి. ఏ ఇంట్లో చూసినా శ్రీవారి లడ్డు ఉంటుంది, కుక్కకూ ప్రసాదం పెట్టాలనిపిస్తుంది. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది, ద్రాక్ష ఎండినదైనా పచ్చిదైనా కుక్కల కిడ్నీలను ఉన్నట్టుండి దెబ్బతీయగలదు. ఎన్ని తింటే ప్రమాదమో అన్ని కుక్కలకూ ఒకేలా ఉండదు. అందులోని నెయ్యి, చక్కెర షుగరు ఉన్నదానికీ, పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తేడా చేసినదానికీ ఇంకో దెబ్బ. ఇంటికొచ్చిన చుట్టాలకు ముందే చెప్పండి. తినేసిందని తెలిస్తే కక్కుతుందేమో చూద్దామని ఉప్పునీళ్ళు తాగించకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

కిడ్నీ జబ్బు ఉన్నదానికి డాక్టరు చెప్పిన తిండి మెల్లగా, వారం పది రోజుల్లో అలవాటు చేయాలి. ఒక్కసారిగా మారిస్తే మొత్తానికే ముట్టదు. నేల జారకుండా పాత గోనెపట్టాలు పరవండి, నీళ్ళ గిన్నె కాస్త ఎత్తు మీద పెట్టండి. కీళ్ళ నొప్పులున్న కుక్కకు ఈ రెండూ మందుతో పాటు ఊరటనిస్తాయి.

నయం కాదని తేలినప్పుడు

క్యాన్సరో, చివరి దశ కిడ్నీ జబ్బో అయినప్పుడు ఏం చేయాలో డాక్టరును సూటిగా అడగండి. నొప్పి తగ్గించే మందులతో ఇంట్లోనే చూసుకోవడం ఒక దారి. క్యాలెండర్లో రోజూ ఒక గుర్తు పెట్టండి: తిన్నది, లేచి నడిచింది, మనల్ని చూసి స్పందించింది, తన మూత్రంలో తను పడుకోలేదు. బాగున్న రోజుల కంటే బాధపడిన రోజులు ఎక్కువైతే ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి మాట్లాడాల్సి వస్తుంది.

దాని తీరు తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. ముందు మత్తు ఇస్తారు, స్పృహ పోతుంది. తర్వాత నరం ద్వారా ఎక్కువ మోతాదు మత్తుమందు ఇస్తారు, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు మూసుకోవు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి ఊపిరి తీసినట్టు కనిపించొచ్చు, అప్పటికి దానికి ఏమీ తెలియదు. పక్కన ఉండాలనుకుంటే ఉండొచ్చు, ఉండలేకపోతే అది తప్పు కాదు. ఇంట్లో పిల్లలుంటే అబద్ధం చెప్పకండి. ఊరికి పంపించామని చెబితే వాళ్ళు ఎదురుచూస్తారు. సొంత స్థలం ఉంటే నీటి బావికి, బోరుకు దూరంగా లోతుగా గుంత తీయించి పైన సున్నం చల్లించాలి. స్థలం లేనివాళ్ళు మున్సిపాలిటీ వాళ్ళను అడగాలి.

మళ్ళీ ఎప్పుడు

ఆరు నెలల లెక్కను మన ఊరి కాలాలకు తగ్గట్టు ఫిబ్రవరికి, సెప్టెంబరుకు పెట్టుకుంటే సుఖం. ఫిబ్రవరిలో వెళితే ఎండలు ముదరకముందే గుండె, కిడ్నీల సంగతి తెలుస్తుంది. సెప్టెంబరు మొదట్లో వెళితే తిరుమల బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే పని అయిపోతుంది. రోజూ మందులు వాడేవాళ్ళు ఆ రద్దీ రోజులకు సరిపడా ముందే కొని పెట్టుకోవాలి. సెప్టెంబరు చెకప్‌లోనే దీపావళి గురించి కూడా అడగండి. గుండె జబ్బున్న ముసలి కుక్కకు టపాసుల మోత మామూలు భయం కాదు. భయం తగ్గించే మందు రాస్తే పండగకు రెండు వారాల ముందే, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్న ఒక సాయంత్రం డాక్టరు చెప్పిన మోతాదు ఒకసారి వేసి చూడండి. మరీ తూలుతోందా, అసలు పనే చేయలేదా అన్నది ఫోన్ చేసి చెబితే మోతాదు సరిచేయడానికి ఆయనకు ఇంకా సమయం ఉంటుంది.